ఆగింది పావుగంటే!

హైదరాబాదు నుంచి కారులో తిరుపతి వెళ్లేవాళ్లకు దారులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి 565వ నంబరు జాతీయ రహదారి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర మొదలై, నాగార్జునసాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం దాటి, మార్కాపురం ప్రాంతం మీదుగా కనిగిరికి వస్తుంది. అక్కణ్ణుంచి పామూరు, వెంకటగిరి వైపు సాగి ఏర్పేడు దగ్గర ముగుస్తుంది. దీనికి అడ్డంగా అనంతపురం–గుంటూరు రహదారి (544డి) నంద్యాల తర్వాత నల్లమల ఎక్కి, గిద్దలూరులో దిగి, కంభం మీదుగా వినుకొండ వైపు పోతుంది. పశ్చిమ ప్రకాశం అంటే ఈ రెండు రోడ్లూ, వాటి చుట్టూ ఉన్న రాళ్ల నేలా, కందిచేలూ, ఎండా.

ఈ దారిన వెళ్లే ఏ బండిలోనైనా రెండు మూడు గంటలకోసారి ఎవరో ఒకరు అంటారు: "అన్నా, ఎక్కడన్నా టీకి ఆపు." బండి ఆగుతుంది. పట్టేసిన నడుములు సవరించుకుంటారు. ఒకరికి టీ, ఒకరికి సోడా, పిల్లలకు కూల్ డ్రింకు, పెద్దావిడకు మజ్జిగ. అప్పుడే బజ్జీల వాయి దిగితే అందరి చేతులూ అటే. పావుగంటలో మళ్లీ బండెక్కుతారు.

ఆ పావుగంటలో నోట్లోకి పోయిన ప్రతిదానికీ ఒంట్లో పనిచేసే వేళ ఒకటుంది. చల్లటి గుక్క క్షణాల్లో పనిచేస్తుంది. నీళ్లకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. టీకి అరగంట. భోజనం సంగతి గంట తర్వాత తెలుస్తుంది. చట్నీ తేడా చేస్తే ఆ ముచ్చట రాత్రికి. నీళ్లలోని ఫ్లోరైడు లెక్క మాత్రం ఏళ్లకు గానీ తేలదు. ఆగినచోట తృప్తిగా తినడానికీ, తర్వాతి వంద కిలోమీటర్లు క్షేమంగా వెళ్లడానికీ ఈ వేళలు తెలిసుంటే చాలు.

మొదటి నిమిషం: కడుపు చేరకముందే తీరే దాహం

ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లవణాల సాంద్రత పెరుగుతుంది. ఒకటి రెండు శాతం పెరిగినా మెదడు పసిగడుతుంది. ఆ పని చూసుకునే కణాలు మెదడు లోపలి సబ్‌ఫార్నికల్ ఆర్గాన్ అనే చిన్న భాగంలో ఉన్నాయి. మెదడులో చాలాచోట్ల రక్తానికీ నాడీకణాలకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉంటుంది. ఇక్కడ అది లేదు. అందుకే ఈ కణాలు రక్తం చిక్కబడిందో లేదో నేరుగా తెలుసుకోగలవు.

వింత ఏమిటంటే, తాగిన నీళ్లు పేగుల్లోంచి రక్తంలోకి చేరి సాంద్రతను మార్చడానికి పది నిమిషాలైనా కావాలి. దాహం మాత్రం నాలుగు గుక్కలకే తగ్గుతుంది. దీని గుట్టు 2016లో తేలింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో జాకరీ నైట్ బృందం ఎలుకల్లో ఈ దాహపు కణాలను గమనించింది. ఎలుక నీళ్లు తాగడం మొదలుపెట్టగానే, అంటే రక్తం ఇంకా మారకముందే, అవి నెమ్మదించాయి. తాగబోయే నీళ్ల ఫలితాన్ని మెదడు నోటి దగ్గరే అంచనా కట్టేస్తోందన్నమాట. నీళ్లు లేకుండా నోటిని చల్లబరిచినా ఆ కణాలు కొంత చల్లారాయి. తిండి మొదలుపెడితే మాత్రం ఎదురు జరిగింది. తిన్న ఉప్పు రక్తంలోకి చేరకముందే అవి చురుగ్గా అయ్యాయి. రెండు ముద్దలు తినగానే గ్లాసు కోసం చేయి వెతుక్కోవడానికి కారణం ఇదే.

కనిగిరి ఎండలో గోలీ సోడా అంత హాయిగా ఉండటంలో ఈ చల్లదనానికి పెద్ద వాటా ఉంది. మిగతాది గ్యాసుది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు కొంత నాలుక మీద ఆమ్లంగా మారుతుంది. పులుపును గుర్తించే కణాలు దాన్ని పట్టుకుంటాయి. నొప్పిని తెలిపే నాడులు కూడా కాస్త ఉలిక్కిపడతాయి. ముక్కుదాకా తన్నే ఆ ఘాటు వాటి పనే. సీసా సంగతికొస్తే, ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న రూపం అది. లోపలి గ్యాసు ఒత్తిడే గోలీని మెడలోని రబ్బరు వలయానికి అదిమిపెట్టి సీసాను మూస్తుంది. ఇంగ్లండులో దాని వాడకం ఏనాడో పోయింది. మన ఊళ్లలో గోలీ చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. చల్లటి సోడా దాహాన్ని త్వరగా అణచేస్తుంది, కానీ ఒంటికి చేరే నీరు ఒక గ్లాసుకు మించదు. మెదడు "చాలు" అన్నా ఒంటి అప్పు పూర్తిగా తీరనట్టే. అందుకని సోడా తాగేసి వెంటనే బండెక్కకుండా, బయల్దేరే ముందు ఇంకో గ్లాసు నీళ్లు తాగడం మంచిది.

కుండ ఎందుకు ఇక్కడ బాగా పనిచేస్తుంది

వేసవి చలివేంద్రంలో కుండకు తడిగుడ్డ చుట్టి పెడతారు. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. వంద గ్రాముల నీటిని ఆరు డిగ్రీల దాకా చల్లబరచడానికి ఆ ఒక్క గ్రాము సరిపోతుంది.

ఎంత చల్లబడగలదో చెప్పేది గాలిలోని తేమ. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత కంటే కుండ నీరు దిగువకు పోలేదు. ఎండ 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ హద్దు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే సముద్రం పక్కన ఎండ 38 డిగ్రీలే ఉన్నా తేమ 55 శాతం ఉంటే, హద్దు 30 డిగ్రీలకు చేరుతుంది. అంటే పొడిగాలి వీచే కనిగిరి, మార్కాపురం వైపు ఎండ ఎక్కువైనా కుండ నీళ్లు చల్లగా ఉంటాయి. ఒంగోలు తీరంలో ఎండ కాస్త తక్కువైనా కుండ అంత సాయం చేయదు.

మన ఒంటి చెమటదీ ఇదే సూత్రం. తీరంలో చెమట కారిపోతుంది, చొక్కా తడుస్తుంది, చిరాకు పుడుతుంది. ఇక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడటం దాని మేలు. ఎంత నీరు పోయిందో తెలియకపోవడం కీడు. మోటారు సైకిలు మీద వెళ్లేవాళ్లకు ఎదురుగాలి వల్ల ఇది మరీ ఎక్కువ. ఏసీ కారులోనూ గాలి పొడిగానే ఉంటుంది. "చెమటే పట్టలేదు, నీళ్లెందుకు?" అనే లెక్క ఈ నేల మీద చెల్లదు.

పదిహేను నిమిషాలు: ఉప్పూ తీపీ కలిసి చేసే పని

నీళ్లు తక్కువైతే ముందు దెబ్బతినేది దృష్టి నిలకడ. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక చిన్న ప్రయోగం వెలువరించారు. కొద్దిమంది యువకులను రెండు గంటలపాటు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. తగినన్ని నీళ్లు తాగిన రోజుతో పోలిస్తే, తక్కువ తాగిన రోజున గీత దాటడం, బ్రేకు ఆలస్యంగా వేయడం వంటి పొరపాట్లు రెట్టింపు దాటాయి. పాల్గొన్నవాళ్లు తక్కువ కాబట్టి అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ దిశ స్పష్టమే.

నీళ్లు ఎందుకు తాగరో కూడా చూడాలి. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదనే భయంతో ఆడవాళ్లు పొద్దుటి నుంచీ గొంతు ఎండగట్టుకోవడం మన ప్రయాణాల్లో మామూలు. దానితో తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట. కుటుంబంతో వెళ్తున్నప్పుడు ఎక్కడ ఆగాలో తేల్చే మొదటి ప్రశ్న "బజ్జీ బాగుంటుందా" అని కాదు, "బాత్‌రూమ్ ఉందా" అని. పెట్రోలు బంకు ఉన్నచోట, పెద్ద బస్టాండు ఉన్న ఊళ్లో ఆగి, తర్వాత నచ్చిన బండి దగ్గరికి నడిచి వెళ్తే రెండూ తీరతాయి.

ఇక ఏం తాగాలి? నిమ్మకాయ సోడా అడిగితే "ఉప్పా, తీపా?" అని అడుగుతారు. "రెండూ కలిపి" అన్న జవాబులో మంచి విజ్ఞానం ఉంది. పేగు గోడలో ఉన్న ఒక రవాణా ప్రొటీను సోడియాన్నీ గ్లూకోజునూ జంటగానే లోపలికి తీసుకుంటుంది. ఆ రెండింటి వెనకే నీరు వస్తుంది. ఈ జంట రవాణాను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించాడు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు–గ్లూకోజు నీళ్లు నోటితో తాగించి వేలమందిని నిలబెట్టారు. ఓఆర్ఎస్ ఇంటింటికీ వచ్చింది ఆ దారినే. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

అయితే తీపి ఎక్కువైతే కథ తిరగబడుతుంది. ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములు. మామూలు కూల్ డ్రింకు లీటరులో చక్కెర వంద గ్రాముల పైమాటే. అంత చిక్కటి పానీయం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, పేగులోకి ఎదురు నీటిని లాక్కుంటుంది. అందుకే తీపి డ్రింకు తాగిన కాసేపటికి మళ్లీ నోరు ఎండుతుంది. పలుచటి ఉప్పు మజ్జిగ, కొంచెం తీపీ కొంచెం ఉప్పూ వేసిన నిమ్మరసం నయం. విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఇవి సరిపోవు. కొలతతో చేసిన ఓఆర్ఎస్ పొట్లమే కలపాలి.

షర్బతుల్లో ఈ సీమ ముద్ర ఉన్నది నన్నారి, అంటే సుగంధిపాల. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే వేళ్లలో ఇదొకటి. ఆ వేరు వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. అందులోని ప్రధాన సుగంధ పదార్థం, ఐస్‌క్రీములో వేసే వెనిలిన్, రెండూ అవే పరమాణువులు, అంతే సంఖ్యలో. అమరిక మాత్రమే వేరు. పాకం తక్కువ పోయమని, నిమ్మకాయ బాగా పిండమని చెప్పి తాగితే ఎండకు మంచి జోడు.

బజ్జీ కారం: మంట లేని మంట

పశ్చిమ ప్రకాశంలో సాయంత్రం ఆగితే మిరపకాయ బజ్జీ తప్పించుకోవడం కష్టం. గిద్దలూరు వైపైతే ఉగ్గాని పక్కన కూడా అదే. కారం రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్, నాలుక మీద వేడిని తెలిపే గ్రాహకాలను తెరుస్తుంది. మామూలుగా అవి 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటాయి. కారం తిన్నప్పుడు నోరు నిజంగా కాలకపోయినా, కాలిందనే కబురే మెదడుకు పోతుంది. మెదడు చెమట పట్టించి చల్లార్చబోతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్, 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు. కారమెక్కి నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుందే తప్ప పోదు. పాలలోని కేసీన్ ప్రొటీను దానికి అతుక్కుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. బజ్జీ తర్వాత మజ్జిగ అడిగే పెద్దవాళ్లకు కేసీన్ పేరు తెలియకపోయినా పని తెలుసు.

అరగంట: టీ ఎప్పుడు తాగాలి

మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తన గ్రాహకాల మీద కూర్చునే కొద్దీ మగత. టీలోని కెఫీన్ ఆ చోట్లను ముందే ఆక్రమిస్తుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, దాని మాట మాత్రం చెల్లదు. కెఫీన్ ప్రభావం చివరికి తగ్గినప్పుడు మగత ఒక్కసారిగా మీద పడటం ఇందుకే.

వేడి టీ గొంతు దిగగానే వచ్చే హుషారులో వేడి, తీపి, అల్లం ఘాటు, కాళ్లు సాగదీసి నిలబడటం అన్నీ ఉన్నాయి. కెఫీన్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి రెప్పలు వాలుతున్నప్పుడు టీ తాగి వెంటనే స్టీరింగు పట్టడం తప్పు. సరైన పద్ధతిని లఫ్‌బరోలోనే జిమ్ హార్న్, లూయీజ్ రేనర్ 1990లలో పరీక్షించారు. 150 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుని, అది పనిచేయడం మొదలయ్యేలోగా పావుగంటలోపు కునుకు తీసినవాళ్లు డ్రైవింగ్ పరీక్షలో బాగా మెరుగుపడ్డారు. కునుకు అడినోసిన్‌ను కొంత తగ్గిస్తుంది, లేచేసరికి కెఫీన్ సిద్ధంగా ఉంటుంది. మన టీ బంకు చిన్న గ్లాసులో కెఫీన్ దానికంటే చాలా తక్కువ. అంచేత మనకు టీ కంటే కునుకే ముఖ్యం. సీటు వెనక్కి వాల్చి, ఫోనులో పదిహేను నిమిషాల అలారం పెట్టుకుంటే చాలు. అంతకు మించితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకా మందంగా ఉంటుంది.

ఇంకో లెక్క: తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి బసకు చేరి బాగా నిద్రపోయి తెల్లవారి మళ్లీ బయల్దేరాలంటే, సాయంత్రం ఐదు దాటాక టీ బదులు పాలో, రాగిజావో మేలు.

గంట, రెండు గంటలు: భోజనం తర్వాతి కునికిపాట్లు

తిన్నాక రక్తమంతా పొట్టకు పోతుందనీ, మెదడుకు చాలదనీ, అందుకే నిద్ర వస్తుందనీ అంటారు. నిజం కాదు. మెదడుకు వెళ్లే రక్తాన్ని ఒళ్లు చాలా పట్టుదలగా సమంగా ఉంచుతుంది. మగతకు కారణాలు వేరు.

మొదటిది ఒంటి దినచర్య. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మెలకువ సహజంగానే తగ్గుతుంది. తినకపోయినా తగ్గుతుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా ఇంకా బాగా తగ్గుతుంది. డ్రైవరు నిద్రమత్తు వల్ల జరిగే ప్రమాదాలు ఈ రెండు వేళల్లోనే పోగవుతాయి. రెండోది ఒరెక్సిన్ కణాలు. మెదడు అడుగున ఉండే ఈ కణాలే మనల్ని మేలుకొలిపి ఉంచుతాయి. గ్లూకోజు పెరిగితే ఇవి నెమ్మదిస్తాయనీ, ప్రొటీనులోని అమైనో ఆమ్లాలు వీటిని చురుగ్గా ఉంచుతాయనీ ఎలుకల మెదడు కణాలపై పరీక్షల్లో తేలింది.

ఈ రెండూ కలిసేది మధ్యాహ్నం "ఫుల్ మీల్స్" దగ్గర. కాబట్టి స్టీరింగు పట్టేవాళ్లు అన్నం సగం చేసి, పప్పు, కోడిగుడ్డు, పెరుగు పెంచాలి. ఎండ వేళ అరగంట ఎక్కువ ఆగాలి. సంగటి ముద్దా నాటుకోడి పులుసూ మానెయ్యమని కాదు. అవి రాత్రి ఆగే ఊళ్లో తినండి. అప్పుడు నిద్ర వచ్చినా నష్టం లేదు, తిన్న రుచీ దక్కుతుంది.

నంద్యాల–గిద్దలూరు ఘాట్ రోడ్డు ఎక్కే ముందు మరో జాగ్రత్త. మలుపుల్లో లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, ఫోను చూస్తున్న కళ్లు "కదలడం లేదు" అంటాయి. ఈ పొంతన కుదరకే వికారం. డ్రైవరుకు అది అరుదు. తర్వాతి మలుపు అతనికి ముందే తెలుసు. వాంతి అలవాటున్నవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డు చూడమనాలి. ఘాట్ రోడ్డుకు ముందు నూనె సరుకు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. ఉత్త కడుపూ మంచిది కాదు. అల్లం కొందరికి పనిచేస్తుంది, పరిశోధనల్లో మాత్రం ఫలితాలు ఒక తీరుగా రాలేదు.

ఆరు గంటలు: బజ్జీది కాదు తప్పు, చట్నీది

రోడ్డు పక్క తిండి అనగానే నూనె బాండీని అనుమానిస్తాం. రోగక్రిముల వైపు నుంచి చూస్తే అదే అన్నిటికంటే భద్రం. 170, 180 డిగ్రీల నూనెలోంచి జల్లిగరిటెతో తీసి నేరుగా చేతికిచ్చిన బజ్జీ మీద బతికే క్రిమి లేదు. నూనెతో వచ్చే చిక్కు వేరు. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచితే అది విరిగి ధ్రువ సమ్మేళనాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. మన దగ్గర పరికరం ఉండదు, కళ్లుంటాయి. నల్లబడి, జిగురుగా సాగి, ఆగని నురగ కడుతూ, త్వరగా పొగ చిమ్మే నూనె దగ్గర ఆగొద్దు.

అసలు జాగ్రత్త పల్లీ చట్నీ దగ్గర కావాలి. పచ్చి నీళ్లు కలిపి, పొద్దున రుబ్బి, మధ్యాహ్నం దాకా గిన్నెలో పెట్టేది అదే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి. 35 డిగ్రీల దరిదాపు వాటికి మరీ ఇష్టం. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే క్రిమి ఒక్కటి నాలుగు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. చాలామంది ముక్కులో, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ తిండిలో విషం తయారుచేస్తుంది. మళ్లీ కాచినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. మంచు గడ్డలూ అంతే. చల్లదనం క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. చెరకు రసంలో ఐస్ వద్దనడం చాదస్తం కాదు.

అన్నంలో మరో క్రిమి ఉంది, బాసిల్లస్ సీరియస్. దాని బీజాలు ఉడికినా చావవు, చల్లారిన అన్నంలో మొలకెత్తుతాయి. ప్రయాణానికి మన ఇళ్లలో పులిహోర కట్టిచ్చే ఆచారం ఇక్కడ అక్కరకొస్తుంది. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి ఆ మొలకకు అడ్డుపడతాయి. సాంబారన్నం పార్సిలు మధ్యాహ్నానికి పాడైతే, పులిహోర సాయంత్రం దాకా నిలబడేది అందుకే.

కాబట్టి సూత్రం చిన్నదే. పొగలు కక్కుతున్నది తినండి, ఒలుచుకునేది తినండి. నల్లగొండ వైపు బత్తాయి, వేసవిలో కళ్లముందు కోసిచ్చే తాటి ముంజలు, చలికాలం మొదట్లో నల్లమల సీతాఫలాలు ఈ పరీక్షలో నెగ్గుతాయి.

ఏళ్లు: నీళ్లలో కనబడనిది

చివరి లెక్క మిగతా అన్నిటికంటే నెమ్మది. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మీద దేశంలో తొలి వైద్య నివేదికల్లో ఒకటి ఈ ప్రాంతపు జిల్లా నుంచే వచ్చింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 565వ రహదారికి ఉత్తరపు కొసన ఉన్న నల్లగొండదీ ఇదే బాధ. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తేర్చే విధానాన్ని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టింది.

తప్పు రాళ్లది, వానలదీ. ఇక్కడి గ్రానైటు, నైసు శిలల్లోని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంది. వాన తక్కువ కాబట్టి భూగర్భజలం ఏళ్ల తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉంటుంది. క్షారం ఎక్కువై కాల్షియం తగ్గిన నీటిలో ఫ్లోరైడు మరింత కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాములోపు ఉండాలని భారత ప్రమాణం. వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి. కుండ దీన్ని వడకట్టదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడు ఉంటుంది కనుక, బోరు నీళ్లతో మరిగించిన టీలో రెండూ కలుస్తాయి.

దారిన పోయేవాళ్లు భయపడాల్సిన పని లేదు. పెద్దల ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడులో సగం దాకా మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లో చేరుతుంది. ఒక గ్లాసు టీ, ఒక చెంబు నీళ్లు ఆ లెక్కలో కనబడవు. రోజూ అవే నీళ్లు తాగి, వాటితోనే వండుకుని, ఏళ్ల తరబడి గడిపినవాళ్లకే కీళ్లు బిగిసి వెన్ను వంగేది. మనం ఆగిన బండి యజమానికి మనలా బయల్దేరి వెళ్లిపోయే వీలు లేదు.

తిండిలో కొంత రక్షణ ఉంది. పాలు, మజ్జిగలోని కాల్షియం ఫ్లోరైడును పేగులోనే కొంత పట్టి ఉంచుతుంది. రోజూ చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడు బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. అయితే పులుసూ మజ్జిగా మంచినీళ్లకు బదులు కాలేవు.

ఈ దారిలో "ఇవి ఎక్కడి నీళ్లమ్మా?" అని అడిగితే క్యాన్ నీళ్లనో, బోరు నీళ్లనో, సాగర్ నీళ్లనో జవాబొస్తుంది. క్యాను డబ్బున్నవాళ్ల దారి. ఊరందరికీ దారి నదీజలమే. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద తవ్విన సొరంగాల ద్వారా కృష్ణా వరద నీటిని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మీద ఈ ప్రాంతం ఆశ పెట్టుకున్నది అందుకే.

ఆ ఆశకూ ఒక వేళ ఉంది. పిల్లల పళ్ల మీది ఎనామెల్ తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల వయసులోపే. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు వచ్చినా, పళ్ల మీద పడిన గోధుమరంగు చారలు పోవు. పదేళ్లు ఆలస్యమైతే టీ బంకు వెనక ఆడుకునే పిల్లలకు ఆ వేళ దాటిపోయినట్టే.